బెంగళూరు నీళ్ళల్లో మొదటి పప్పు

బెంగళూరుకి కొత్తగా దిగిన మన పిల్లలు నన్ను అద్దె ఇళ్ళ గురించి, బస్సుల గురించి గట్టిగానే అడుగుతారు. ఒక్క ప్రశ్న మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు. "అక్కా, నాకు వంట అసలు రాదు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?" నాకైతే అన్నిటికన్నా ఈ ప్రశ్నే ఇష్టం. నా జవాబు పదిహేడేళ్ళుగా మారలేదు. వంటల జాబితా పెట్టుకోకండి. కందిపప్పు మెత్తగా ఉడికించడం నేర్చుకోండి. అదొస్తే వారం గడిచిపోతుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను ఓడిపోయింది అక్కడే.

2008లో ఒంగోలు నుంచి వచ్చాను. మూడు నెలలు పీజీ తిండి తిన్నాక కడుపులో ఎప్పుడూ మంటే. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి బీటీఎం లేఅవుట్‌లో చిన్న ఇల్లు తీసుకున్నాం. మొదటి ఆదివారం టమాటా పప్పు చేద్దామని కుక్కర్లో కందిపప్పు, టమాటాలు, చింతపండు, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి వేసి పెట్టేశాను. ఎనిమిది విజిళ్ళు వచ్చినా మూత తీస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉన్నాయి, నీళ్ళు వేరే, పప్పు వేరే. ఇంకో ఆరు విజిళ్ళు పెట్టినా అంతే. అమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "చింతపండు ఎప్పుడేశావే?" పులుపు తగిలాక పప్పు మెత్తబడదట. సరే, తర్వాతి వారం చింతపండూ టమాటా వెయ్యకుండా పెట్టాను. కొంచెం మెరుగు, అంతే. కింద ఉండే ఓనరు భార్య మెట్ల మీద కనబడి సంగతి విని, "యావ నీరు హాక్తీరా?" అంది. ఏ నీళ్ళు పోస్తున్నారని. కొళాయి నీళ్ళేనన్నాను. ఆ కొళాయికి వచ్చేది బోరు నీళ్ళు. "బోర్ నీరల్లి బేళె బేయల్ల", అంటే బోరు నీళ్ళలో పప్పు ఉడకదని చెప్పి, వాళ్ళ సంపు నుంచి కావేరి నీళ్ళు, అంటే ఆ నది నుంచి ఊరికి వచ్చే నీళ్ళు, ఒక బిందె ఇచ్చింది. ఆ రోజు నాలుగు విజిళ్ళకే పప్పు వెన్నలా అయిపోయింది.

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. అవి పప్పు గింజ గోడల్ని గట్టిపరుస్తాయి, అందుకే గింజ విచ్చుకోదు. పులుపు చేసే పనీ అలాంటిదే. దానికితోడు ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఒంగోల్లో గిన్నెలో ఉడికినంత వేగంగా ఇక్కడ మూతలేని గిన్నెలో పప్పు ఉడకదు. మీ చేతిలో లోపం ఉందనుకోకండి. చాలా అపార్ట్‌మెంట్లలో కొళాయికి బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో వస్తాయి కాబట్టి, కడగడానికి ఏవైనా వాడండి, పప్పు నానబెట్టడానికీ ఉడికించడానికీ మాత్రం తాగే నీళ్ళే పొయ్యండి.

ఇప్పుడు పప్పు చేద్దాం. ఇద్దరికి రెండు పూటలకి ఒక టీ గ్లాసు కందిపప్పు చాలు. రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి కుక్కర్ మూత పెట్టండి. నూనె ఎందుకంటే నురగ పొంగి విజిల్ రంధ్రంలోకి ఎక్కకుండా. కుక్కర్‌ని సగానికి మించి నింపకండి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇంకో మూడు రానివ్వండి. ఆవిరి దానంతటదే దిగేదాకా మూత ముట్టుకోవద్దు. తొందరపడి వెయిట్ ఎత్తేస్తే వేడి పప్పు ఎగజిమ్ముతుంది, నా స్నేహితురాలి మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. పప్పుగుత్తి ఉంటే మంచిది, లేకపోతే గరిటె వెనకవైపుతో మెదపండి.

పప్పు ఉడుకుతుండగానే పక్క పొయ్యి మీద ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటాలు మగ్గబెట్టి, ఉసిరికాయంత చింతపండు రసం పోసి, ఉప్పు వేసి ఉడికించండి. అందులో మెదిపిన పప్పు కలపండి. చివర్న తిరగమాత. మా ఒంగోలు వైపు మాట అది, మీరు తాలింపు అన్నా పోపు అన్నా అదే. కొత్తవాళ్ళందరూ తప్పు చేసేది ఇక్కడే, నూనె కాగకముందే అన్నీ పోసేస్తారు. రెండు ఆవాలు వేసి చూడండి, చిటపటలాడితేనే మిగతావి వెయ్యండి. ఆవాలన్నీ చిట్లడం పూర్తయ్యాక మినప్పప్పు, అది ఎర్రబడ్డాక జీలకర్ర, ఎండుమిర్చి, చితగ్గొట్టిన వెల్లుల్లి, ఇంగువ. కరివేపాకు ఆఖర్న, అదీ తడి ఆరాక, లేకపోతే నూనె మొహం మీదికి చిందుతుంది. ఆవాలు మాడితే పారేసి మళ్ళీ పెట్టుకోండి. ఒక చెంచా నూనె పోయినా ఫరవాలేదు, చేదెక్కిన తిరగమాత గిన్నెడు పప్పునీ పాడుచేస్తుంది.

ఇది చేతికి వచ్చాక టమాటాల బదులు పాలకూర వెయ్యండి, సొరకాయ వెయ్యండి, ఎండాకాలంలో మామిడికాయ వెయ్యండి. నీళ్ళు పెంచితే పప్పుచారు. కుక్కర్ లేనివాళ్ళు పెసరపప్పుతో మొదలుపెట్టండి, మామూలు గిన్నెలో మూతపెట్టినా అరగంటలోపే ఉడికిపోతుంది.

సరుకుల దగ్గర పేర్లే అసలు చిక్కు. కందిపప్పుని ఇక్కడ తొగరి బేళె అంటారు, పెసరపప్పు హెసరు బేళె, మినప్పప్పు ఉద్దిన బేళె. ఆకుకూర ఏదైనా సొప్పు. వంకాయ బదనెకాయి, బీరకాయ హీరేకాయి, ములక్కాడ నుగ్గెకాయి, ఉల్లిపాయ ఈరుళ్ళి, చింతపండు హుణసె హణ్ణు. నాలుగు రోజులు నోట్లో తిప్పితే వచ్చేస్తాయి. కొట్టువాళ్ళకి తెలుగు అర్థమైనా వాళ్ళ మాటలో అడగండి. మంచి కట్ట ఏరి ఇస్తారు, ఇది నేను చూసి చెబుతున్న మాట. గుండ్రంగా ఉండే మన దోసకాయ అన్ని చోట్లా దొరకదు, బదులుగా చారలున్న పొడుగు మంగళూరు సౌతెకాయి కనిపిస్తుంది. పప్పులోకి అదీ బాగుంటుంది. రేటు బేరం ఆడటం రానివాళ్ళు హాప్‌కామ్స్ దుకాణానికి వెళ్ళండి. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైన సంస్థ అది, ధరలు బోర్డు మీదే రాసి ఉంటాయి. మల్లేశ్వరం వైపో బసవనగుడి వైపో ఉండేవాళ్ళకి ఎనిమిదో క్రాసు, గాంధీబజారు ఉండనే ఉన్నాయి.

కారం కొనేటప్పుడు ప్యాకెట్ చదవండి. ఇక్కడ ఎక్కువగా దొరికే బ్యాడగి మిరప హావేరి జిల్లాది. రంగు ఎరుపంటే ఎరుపు, కారం మాత్రం తక్కువ. అది వేసి "కూరలో కారమే లేదు" అని మూడు చెంచాలు పోసినవాళ్ళు, ఊరెళ్ళి తెచ్చుకున్న గుంటూరు కారం అదే లెక్కన వేసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. రెండు డబ్బాలకీ పేర్లు రాసి పెట్టుకోండి.

బియ్యం సోనా మసూరి తీసుకుని "హళె అక్కి"యేనా అని అడగండి, అంటే పాత బియ్యం. పాతవాటికి గ్లాసుకి రెండున్నర నీళ్ళు, కొత్తవైతే రెండు. మొదటి రెండుసార్లు తేడా వస్తుంది, సరిగ్గా కుదిరాక ఆ బస్తా అయ్యేదాకా అదే కొలత.

పొయ్యి సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్యాస్ కనెక్షన్‌కి అడ్రస్ కాగితాలు లేనివాళ్ళు గుర్తింపు కార్డుతో అయిదు కిలోల చిన్న సిలిండర్ తీసుకోవచ్చు. ఇండక్షన్ పొయ్యి అయితే దాన్ని 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టండి. ఫోన్ ఛార్జర్ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్ 2000 వాట్లు మొయ్యలేదు, ప్లగ్ కరిగిపోతుంది. ఇంట్లోంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది.

కూరల్లో మొదట బీరకాయ, సొరకాయ నేర్చుకోండి. తిరగమాతలో ముక్కలేసి, ఉప్పేసి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచితే వాటి నీళ్ళలో అవే మగ్గుతాయి. బెండకాయకి మాత్రం మూత వద్దు, జిగురొస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి, ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదు. మన పిల్లల పళ్ళేల్లో ముప్పాతిక భాగం అన్నం, పక్కన చెంచాడు కూర, ఇంత ఆవకాయ. దాన్ని తిరగెయ్యండి చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ బజారంతా అవరెకాయలు. రాయలసీమ పిల్లలకి అవి అనపకాయలే, కోస్తా వాళ్ళకి కొత్త. పితికిన పప్పు అమ్ముతారు, నానబెట్టే పనిలేదు. వంకాయతో కలిపి వండుకోండి, ఆ రుచి కోసమైనా చలికాలంలో ఈ ఊళ్ళో ఉండాలనిపిస్తుంది.

రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్ళు రోజూ ఇన్ని చెయ్యలేరని నాకు తెలుసు. ఆదివారం పప్పు ఎక్కువ ఉడికించి, తిరగమాత పెట్టకుండా రెండు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి తీసి, మీకు ఇష్టమైన ఆకుకూర వేసి అప్పటికప్పుడు తిరగమాత పెట్టండి. ఇరవై నిమిషాల పని. కొత్త పప్పు వాసనే వస్తుంది.

ఇక పెరుగు. రోజూ ప్యాకెట్ కొనక్కర్లేదు. పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి వచ్చాక చెంచాడు తోడు వేసి కలపండి. చలికాలంలో రాత్రుళ్ళు 15, 16 డిగ్రీలకి పడిపోతాయి కాబట్టి గిన్నెకి తువ్వాలు చుట్టి, ఆపేసిన పొయ్యి పక్కనో అలమరలోనో పెట్టండి. పొద్దునకి గట్టిగా తోడుకోకపోతే మధ్యాహ్నందాకా కదపకుండా వదిలెయ్యండి. మొదటి తోడు కోసం మాత్రం కొట్టుకి వెళ్ళొద్దు. చిన్న గిన్నె పట్టుకుని ఎదురింటి తలుపు తట్టి, "స్వల్ప హెప్పు కొడి" అనండి. హెప్పు అంటే తోడు. నేను కింది ఇంటావిడ దగ్గర అలాగే తెచ్చుకున్నాను. ఊరికెళ్ళొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆవిడ దగ్గరే తెచ్చుకుంటాను.