తాతగారి మడత చాకు విశాఖ గాలికి తుప్పు పట్టకుండా ఉండాలంటే

మీ ప్రశ్న: తాతగారి పాత మడత చాకు చేతికొచ్చింది, ఇల్లు విశాఖలో సముద్రం దగ్గర ఎండాడ వైపు, తుడిచి నూనె రాసి బీరువాలో పెట్టినా పది రోజులకే ఎర్ర చుక్కలు వస్తున్నాయి. సాన ఎలా పట్టాలి, ఇలాంటి చాకులంటే ఇష్టపడేవాళ్లతో కలిసి కూర్చున్నప్పుడు ఎలా మెలగాలి అని కూడా అడిగారు.

మీరు నూనె రాస్తున్నది ఉప్పు మీద. చిక్కంతా అక్కడే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు కంటికి కనపడని పొరగా అలుగు (చాకులో కోసే రేకు) మీద కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. మన ఊళ్లో ఏడాదిలో చాలా రోజులు తేమ అంతకు పైనే. పొడిబట్టతో తుడిస్తే ఉప్పు కీలులోకి జరుగుతుంది గానీ పోదు. పైన నూనె రాస్తే ఉప్పుని లోపల పెట్టి మూత వేసినట్టే. కాబట్టి ముందు కడగాలి. ఇనుముకి నీళ్లు తగలకూడదని అందరం భయపడతాం గానీ, పది నిమిషాల మంచినీళ్ల కన్నా పది రోజుల ఉప్పే ఎక్కువ చెరుపు.

ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. అలుగు తెరిచి, పాత టూత్‌బ్రష్‌తో కీలు చుట్టూ, పిడి లోపలి ఇత్తడి రేకుల మధ్య సందులో రుద్దండి. ఆ నీళ్లలోనే పదిహేను సార్లు తెరిచి మూయండి. సందులో చెత్త గట్టిపడి ఉంటే పన్నుపుల్లతో తీయండి, సూదితో వద్దు, ఇత్తడి గీసుకుపోతుంది. తీరం దగ్గర బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి, అందుకని చివరి కడుగు తాగే నీళ్లతోనే. పిడి ఎముకదైనా చెక్కదైనా నానబెట్టకండి, మొత్తం పని ఐదారు నిమిషాల్లో అయిపోవాలి. తర్వాత బట్టతో ఒత్తి, అలుగు తెరిచి ఉంచి, ఫ్యాను కింద రెండు గంటలు. ఎండలో పెడితే పాత ఎముక పిడి పగులుతుంది.

ఇప్పుడు నూనె. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ అడగండి. రంగు, వాసన ఉండవు, పండు కోసుకున్నా భయం లేదు, ఎన్నాళ్లున్నా జిగురెక్కదు. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె గాలి తగిలి బంకగా మారతాయి, చాకు బిగుసుకుపోతుంది. కొబ్బరి నూనె కొన్నాళ్లకి మక్కిపోతుంది. కీలు మీద ఒక్కటే చుక్క వేసి పదిసార్లు తెరిచి మూస్తే నల్లటి మడ్డి బయటికొస్తుంది. అది తుడిచి మళ్లీ ఒక చుక్క. మడ్డి రావడం ఆగే దాకా ఇదే పని, పాత చాకుకి నాలుగైదు విడతలు పట్టొచ్చు. అలుగుకి మాత్రం నూనె అంటీ అంటనట్టు చాలు.

ఎర్ర చుక్కల్ని సున్నా నంబరు గరుకు కాగితంతో గీకకండి. నాలుగు సున్నాల (0000, అతి సన్నటి రకం) స్టీల్ ఉన్నికి నూనె తడిపి మెల్లగా రుద్దితే ఎర్రది పోతుంది, కింద ఉన్న బూడిదరంగు నలుపు మిగులుతుంది. ఆ నలుపు ఉండాలి. అది ఇనుము మీద గట్టిగా పట్టిన పొర, ఎర్ర తుప్పుని కొంత నిదానింపజేస్తుంది. మీ చాకు ఏ రకం ఉక్కుదో తెలియాలంటే పచ్చి మామిడికాయ కోసి ఐదు నిమిషాలు తుడవకుండా ఉంచండి: అలుగు మీద నీలం, బూడిద మరకలు కమ్మితే అది కార్బన్ స్టీలు. ఏ మార్పూ లేకపోతే క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్. పరీక్ష అయ్యాక కడిగేయడం మరవద్దు. అలుగు మొదట్లో షెఫీల్డ్ (ఇంగ్లండ్) అనో జోలింగెన్ (జర్మనీ) అనో, చాకులకి పేరుపడ్డ ఊరి ముద్ర ఉంటే ఆ చోట అసలు రుద్దకండి. ఒకసారి అరిగిన ముద్ర మళ్లీ రాదు, ఆ చాకు ఎక్కడిదో చెప్పే ముఖ్యమైన ఆధారం అదే.

తోలు ఒరలో దాచకండి. తోలు తేమ పట్టుకుంటుంది, దాన్ని శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తాయి. మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. మెరిసే పాత సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి ఉన్న చాకుని మాత్రం ఆ డబ్బాలో పెట్టొద్దు. అది పాడయ్యేటప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న అలుగుల్ని తినేస్తుంది.

దసరా ఆయుధ పూజ సంగతి విడిగా చెప్పాలి. తడి పసుపు, కుంకుమ అలుగుకి పెట్టి మర్నాటి దాకా ఉంచితే కార్బన్ స్టీలు మీద ఆ బొట్టు ఆకారంలోనే తుప్పు మరక పడొచ్చు. బొట్టు పిడి చివరి లోహపు కుప్పె మీద పెట్టండి, సాయంత్రానికల్లా తుడిచి నూనె రాయండి. పూజకి లోటేమీ ఉండదు.

సానకి వస్తే, వీధిలో తిరిగే చక్రం సాన వంటింటి కత్తిపీటకి సరే, దీనికి వద్దు. చక్రం వేడికి పలచటి వాదర (కోసే అంచు) నీలమెక్కితే ఆ చోట పదును నిలవదు, పైగా పదేళ్లలో అరగాల్సిన ఇనుము ఒక్క పూటలో పోతుంది. 1000 నంబరు నీటి సానరాయి ఒకటి చాలు. అలుగు 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే వెన్నుని రాయి మీద నుంచి మూడున్నర మిల్లీమీటర్లు ఎత్తండి, సుమారు 17 డిగ్రీలు వస్తుంది. ఒకే పక్క రుద్దుతూ, రెండో పక్క వాదర మీద గోరుతో అడ్డంగా తడమండి. మొదటినుంచి చివరిదాకా సన్నటి ఇనుప పొర తగిలితే అప్పుడు పక్క మార్చండి. చాలామంది ఈ పొర రాకముందే పక్క మార్చేసి, ఎంత రుద్దినా పదును రావట్లేదంటారు. చివరికి పాత తోలు బెల్టు లోపలివైపు ఇరవై సార్లు, వాదర వెనక్కి ఉండేలా లాగండి.

ఇక నలుగురిలో కూర్చోవడం. బీచ్ రోడ్డులో పొద్దున్నే టీ దగ్గరైనా, ఎవరింట్లోనైనా, చాకు మూసే ఇవ్వాలి. చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెడితే ఎదుటివాళ్లు తీసుకుంటారు. ఉప్పు చేతికి ఇవ్వొద్దని ఇళ్లలో అంటారు కదా, అదే అలవాటు ఇక్కడ వేళ్లని కాపాడుతుంది. తెరిచే ముందు “తెరవనా?” అని అడగండి. వెనక స్ప్రింగు అలుగుని టక్కున లాక్కునే చప్పుడే వీటి అందం, అందరూ చెవి పెట్టి వినేది అదే. అయినా మూసేటప్పుడు వదిలేసి కొట్టుకోనివ్వకండి. కొన్నిటిలో వాదర లోపలి స్ప్రింగుకి తగిలి నొక్కు పడుతుంది. వేలితో ఆపుతూ మూయాలి. తిరిగి ఇచ్చేముందు అలుగు మీద వేలిముద్రలు తుడవడం ఇక్కడ మామూలు మర్యాద కాదు, అవసరం. చెమటలోనూ ఉప్పే ఉంటుంది. అందుకే జేబులో ఒక నూలుగుడ్డ ఉంచుకోండి.

ఎవరైనా ఒపినెల్ (చెక్క పిడి ఉన్న ఫ్రెంచి మడత చాకు) చూపిస్తూ వానాకాలంలో అలుగు రావట్లేదంటే, చెక్క ఉబ్బిందన్నమాట. ప్లయర్‌తో లాగనివ్వకండి. అలుగు మొదట్లో ఉన్న తాళపు ఉంగరం తిప్పి తాళం తీసి, పిడి వెనక కొసని బల్ల అంచుకేసి తట్టితే గోరుకి అందేంత బయటికొస్తుంది. మీ చాకు అలుగు పక్కకి ఊగుతుంటే మాత్రం కీలు రివెట్‌ని సుత్తితో కొట్టకండి. పిడి ఎముక ఆ దెబ్బకే చీలుతుంది.

విమానం ఎక్కేటప్పుడు క్యాబిన్ బ్యాగులో వద్దు, చెక్-ఇన్ సామానులో పెట్టండి.

మొదటిసారి నలుగురికి చూపించేటప్పుడు మెరుగు పెట్టకుండా, కడిగి నూనె రాసి తీసుకురండి. ఆ నలుపు మీద మీ తాతగారు ఎటువైపు సాన పట్టేవారో గీతలు ఇంకా కనిపిస్తుంటాయి, అవి చదవగలిగినవాళ్లు ఆ బల్ల దగ్గర ఒకరైనా ఉంటారు.