యెహోవా, యహ్వే: ఏది రాయాలి?

సందేహం: మా ఇంట్లోని బైబిలులో దేవుడి పేరు ‘యెహోవా’ అని ఉంది. ఈమధ్య చదివిన చరిత్ర పుస్తకంలో ‘యాహ్వే’ అని రాశారు. మా అబ్బాయి ‘జెహోవా’ అంటాడు. వీటిలో ఏది ఒప్పు?

సమాధానం: ముందుగా మీ అబ్బాయి సంగతి తేల్చేద్దాం. ఆ ‘జె’ ఇంగ్లీషు నుంచి వచ్చింది. బైబిలు పాత నిబంధన మూలభాష హీబ్రూలో ఈ పేరు మొదటి అక్షరం యోద్, అంటే మన యకారమే. యేసు, యోహాను, యెరూషలేము అని చక్కగా రాసుకుంటున్న మనకు ఇక్కడ జకారంతో పని లేదు.

మిగిలిన రెండింటి తగవు పాతది. మూలంలో ఆ పేరు య, హ, వ, హ అనే నాలుగు హల్లులు. పాత హీబ్రూ రాతలో అచ్చులకు వేరే గుర్తులు లేవు. మనం గుణింతాలు వదిలేసి క, ల, మ అని రాస్తే కలము, కాలము, కులము, కలిమి ఏదైనా కావచ్చు కదా! నోటి అలవాటు ఉంటే ఇబ్బంది లేదు. ఈ పేరు విషయంలో తెగిపోయింది ఆ అలవాటే. యూదులు భయభక్తులతో దాన్ని పలకడం మానేసి, రాత ఎదురైనప్పుడల్లా ‘అదోనాయ్’ (ప్రభువు) అని చదివేవారు. వెనకటి తరం ఇల్లాలు శుభలేఖ చదువుతూ భర్త పేరు దగ్గరికి వచ్చేసరికి ‘మావారు’ అని దాటేసినట్టన్నమాట.

తరువాతి కాలంలో మసోరెట్లనే యూద పండితులు హీబ్రూ బైబిలు అంతటికీ అచ్చుల గుర్తులు పెట్టారు. ఈ నాలుగు హల్లులకు మాత్రం అదోనాయ్ అచ్చులు తగిలించారు, ‘ప్రభువు అని చదువు’ అని గుర్తుచేయడానికి. అదోనాయ్ మొదటి అకారం యోద్ కిందికి వస్తే, ఆ భాష నియమం ప్రకారం, ఎకారంలా తేలిపోతుంది. ఐరోపా క్రైస్తవ పండితులు ఆ హల్లులనూ ఈ అచ్చులనూ కలిపి చదివారు, యెహోవా అయింది. దీనికి ఒక ముచ్చటైన సాక్ష్యం ఉంది. అదోనాయ్ అనే మాట పక్కనే ఈ పేరు వస్తే ఒకే మాట రెండుసార్లు చదవలేక, ‘ఎలోహీమ్’ (దేవుడు) అచ్చులు పెట్టారు. అక్కడ చివర కనిపించేది ‘వా’ కాదు, ‘వి’!

యహ్వే అన్నది పండితులు కూర్చుకున్న రూపం. యూదులకు పొరుగువారైన సమరయులు ఆ పేరును ‘ఇయబే’ అంటారని 5వ శతాబ్దంలో థియొడొరెట్ అనే క్రైస్తవ బిషప్ గ్రీకులో రాశాడు, అది యహ్వేకు దగ్గర. హల్లెలూయాలోని ‘యా’ కూడా ఆ పేరు ముక్కే. ‘యాను స్తుతించండి’ అని అర్థం. ఏలీయా, యెషయా పేర్ల చివరా అదే. యెహోషాపాతు వంటి పేర్ల మొదట ‘యెహో’ ఉందని యెహోవా పక్షంవారు ఇప్పటికీ వాదిస్తారు. ఎక్కువమంది పండితులు, వారితో నేనూ, యహ్వే వైపే. అందులోనూ మొదటి అచ్చు హ్రస్వం కనుక ‘యాహ్వే’ కంటే ‘యహ్వే’ మేలు. ఇంగ్లీషువారికి ఇది ‘వీ’యా ‘డబ్ల్యూ’యా అన్న తగవు కూడా ఉంది, మన వకారం రెంటికీ చాలుతుంది.

అయితే హీబ్రూలో ఒప్పేదన్నది ఒక ప్రశ్న, తెలుగులో ఒప్పేదన్నది మరొకటి. ‘యెహోవా నా కాపరి’ అని చిన్ననాటి నుంచి వల్లించినవారికి యెహోవా తెలుగు మాటే. దాన్ని దిద్దబోవడం అనవసర పాండిత్యం. ప్రార్థనలోనూ వాక్యం ఉదాహరించేటప్పుడూ అదే రాయండి. ప్రాచీన ఇశ్రాయేలు చరిత్ర రాస్తుంటే యహ్వే అనండి. కొందరు పద్యంలో గణాల కోసం ‘యెహోవ’ అని కుదిస్తున్నారు, అది మాత్రం నాకు రుచించదు. ఆ చివరి దీర్ఘం అదోనాయ్‌లోని ‘నా’ నుంచి వచ్చింది.