క్వాంటం టెలిపోర్టేషన్‌లో వస్తువు ఒక చోట మాయమై మరో చోట ప్రత్యక్షమవుతుందా?

కాదు, వస్తువేదీ కదలదు. ఒక కణం తాలూకు క్వాంటం స్థితి (ఆ కణం లక్షణాలను తెలిపే వివరం) మాత్రమే దూరాన ఉన్న మరో కణానికి చేరుతుంది. శాస్త్రవేత్త చార్లెస్ బెనెట్, మరో ఐదుగురు 1993లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. 1997లో ఆంటన్ జైలింగర్ బృందం ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఫోటాన్లతో (కాంతి కణాలతో) చేసి చూపింది.

తెలియని క్వాంటం స్థితిని కొలిస్తే చెదిరిపోతుంది, దానికి నకలు తీయడమూ అసాధ్యం. అందుకే ఈ చుట్టుదారి.

విజయనగరం కోట దగ్గర ఒకరికి, అరసవల్లిలో మరొకరికి పరస్పరం పెనవేసుకున్న (ఒకదాని కొలత ఫలితం రెండోదాని ఫలితంతో ముడిపడి ఉండే) ఫోటాన్ల జంటలో చెరొకటి ఉందనుకుందాం. విజయనగరంలోని వ్యక్తి, ఏ ఫోటాన్ స్థితిని పంపదలచారో దాన్ని, తన వాటా ఫోటాన్‌ను కలిపి కొలుస్తారు. నాలుగు ఫలితాల్లో ఏదో ఒకటి వస్తుంది. అది చెప్పడానికి రెండు బిట్లు (0 లేదా 1 అనే రెండు అంకెలు) చాలు. ఫోనులో అది విని అరసవల్లిలో తగిన సవరణ చేస్తే, అక్కడి ఫోటాన్ అచ్చంగా అదే స్థితికి వస్తుంది. విజయనగరంలోని అసలు ఫోటాన్ ఆ స్థితిని కోల్పోతుంది (ఇది లోపం కాదు, కోల్పోకుంటే నకలు తీసినట్టే కదా!).

సమాచారం కాంతిని మించిన వేగంతో వెళ్లిందని చాలామంది పొరబడతారు. ఆ ఫోను రానంతవరకు అరసవల్లి ఫోటాన్‌ను ఎలా కొలిచినా తేలేది ఏమీ లేదు. ఫోను కబురేమో కాంతి వేగాన్ని దాటలేదు.