వెంటపడటం నేరమే, కానీ మా చెల్లెలే హాస్టల్ మారింది

ఆడపిల్లల వెంటపడేవారికి శిక్ష పెంచితే వేధింపులు తగ్గుతాయా అని మీరు అడిగారు. శిక్షాకాలం కన్నా ముందు సరిదిద్దవలసినవి రెండున్నాయని మా ఇంటి అనుభవం వల్ల నాకు తెలిసింది.

మాది చిత్తూరు. మా చెల్లెలు తిరుపతిలో హాస్టల్‌లో ఉండి చదువుకునేది. 2024 చివరలో ఒకడు నెలన్నర పాటు బస్టాండు నుండి హాస్టల్ సందు దాకా రోజూ ఆమె వెనుకే నడిచాడు. నంబరు బ్లాక్ చేస్తే మరో నంబరు నుండి మెసేజీలు పెట్టాడు. స్టేషనుకు వెళ్తే మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "ఒంటి మీద చెయ్యి వేశాడా?" అని. లేదనగానే, కేసు పెడితే అమ్మాయి పేరే బయటపడుతుందని నచ్చజెప్పి పంపేశారు. మూడోసారి వెళ్లాక గానీ ఎఫ్ఐఆర్ కట్టలేదు. ఆ సాయంత్రమే అతడు పోలీసులే ఇచ్చే స్టేషన్ బెయిలు మీద బయటికి వచ్చి, మరునాడు అదే సందు మొదట్లో నిలబడ్డాడు. మా చెల్లెలు మారుమాట లేకుండా సామాను సర్దుకుంది.

వెంటపడటం నేరం కావడానికి చెయ్యి వేయనవసరం లేదు. 2012 నాటి ఢిల్లీ ఘోరం తరువాత స్త్రీలపై నేరాల చట్టాలను మార్చాలని సూచిస్తూ జస్టిస్ వర్మ కమిటీ నివేదిక వచ్చింది. 2013లో అప్పటి శిక్షాస్మృతి అయిన ఐపీసీలో వెంటపడటాన్ని నేరం చేస్తూ 354డి సెక్షన్ చేరింది. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఇష్టం లేదని స్త్రీ స్పష్టం చేసినా పదేపదే వెంటపడటం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం కూడా నేరాలే. మొదటిసారి దోషిగా తేలితే 3 ఏళ్ల వరకు జైలు, కానీ అది బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరుకుతుంది. రెండోసారి దోషిగా తేలితేనే 5 ఏళ్ల వరకు శిక్ష, నాన్‌బెయిలబుల్. మొదటి కేసులో తీర్పు రావడానికే ఏళ్లు పడితే, అంతవరకు అతడు ఎన్నిసార్లు వెంటపడినా మొదటిసారి చేసినవాడి కిందనే లెక్క. అందుకే సరిదిద్దవలసిన మొదటిది, బెయిలు ఇచ్చేటప్పుడే ఆమె దరిదాపులకు రాకూడదన్న షరతు తప్పనిసరి కావాలి.

రెండోది, అత్యాచారం వంటి నేరాలపై ఫిర్యాదు నమోదు చేయని అధికారిని శిక్షించే, అదే సంహితలోని 199వ సెక్షన్ జాబితాలో ఈ 78వ సెక్షన్ లేదు. మమ్మల్ని రెండుసార్లు తిప్పి పంపగలిగింది అందుకేనని నేను నమ్ముతున్నాను. మన రాష్ట్ర శాసనసభ స్త్రీలపై నేరాలకు త్వరిత విచారణ, కఠిన శిక్షల కోసం 2019లో ఆమోదించిన దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు కాబట్టి దానిపై ఆశ పెట్టుకుని లాభం లేదు.

స్టేషనులో తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ హక్కు చట్టంలోనే ఉంది. మెసేజీలు చెరపవద్దు. మా విషయంలో తహసీల్దారు ఎదుట బైండోవర్ చేయించిన (మళ్లీ అలా చేయనని పూచీకత్తు రాయించిన) తరువాతే అతడు రావడం మానాడు.