మీ ప్రశ్నకు జవాబు: ఆదోని నుంచి కిగాలీకి

ప్రశ్న: మాది పత్తి కమిషన్ వ్యాపారం. ఇంజినీరింగ్ చదివిన మా అబ్బాయి స్నేహితులతో కలిసి ఆఫ్రికాలోని రువాండాలో, కిగాలీ నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడతానంటున్నాడు. అక్కడ గంటల్లో రిజిస్ట్రేషన్ అయిపోతుందట, ఏడేళ్లు పన్ను ఉండదట. ఇరవై లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: రిజిస్ట్రేషన్ మాట నిజమే. ప్రపంచ బ్యాంకు 2020 నాటి వ్యాపార సౌలభ్య పట్టికలో రువాండాది 38వ స్థానం, మన దేశానిది 63. అయితే లెక్కల్లో అవకతవకలు బయటపడి 2021లో ఆ పట్టికనే ఎత్తేశారు కనుక దానికి మరీ హారతి పట్టనక్కర్లేదు.

పన్ను మాట సగమే నిజం. ఏడేళ్ల మినహాయింపు ఉంది. కాకపోతే అది ఎంచుకున్న రంగాల్లో కనీసం 5 కోట్ల డాలర్లు పెట్టేవారికి. మీ ఇరవై లక్షలకు ఆ గుమ్మం తెరుచుకోదు.

మీ మండీకి బోర్డు రాయించడానికి ఒక పూట పట్టి ఉంటుంది. రైతు నమ్మి మీ దగ్గర పత్తి దింపడానికి ఎన్నేళ్లు పట్టింది? కర్నూలులో బ్యాంకు అప్పుల కాగితాలు చూసిన రోజుల్లో బోర్డు ఘనంగా ఉండి సరుకు కొనేవాడు లేని దుకాణాలకు నేనూ సంతకం పెట్టాను, తర్వాత వసూలుకు తిరిగాను. రువాండాలో కొనేవాళ్లెందరు? అక్కడి జనాభా 2022 లెక్కల ప్రకారం దాదాపు 1 కోటీ 32 లక్షలు. విస్తీర్ణంలో మన పాత కర్నూలు, అనంతపురం జిల్లాలు రెండూ కలిస్తే దానికంటే పెద్దవి. సముద్రం లేదు. ఇంటర్నెట్ తీగ కూడా కెన్యా, టాంజానియా తీరాల నుంచే రావాలి.

మరి అక్కడ నిలదొక్కుకున్నవారు ఎలా నిలదొక్కుకున్నారు? జిప్‌లైన్ అనే అమెరికా కంపెనీని చూడండి. 2016లో అక్కడి ముహాంగా పట్టణం దగ్గర డ్రోన్లతో ఆసుపత్రులకు రక్తం పంపడం మొదలుపెట్టింది. వడిసెలలో రాయిలా డ్రోన్‌ను గాలిలోకి విసురుతారు. అది ఆసుపత్రి దగ్గర దిగదు, చిన్న పారాచూట్ కట్టిన పెట్టెను జారవిడిచి వెనక్కి తిరుగుతుంది. ఆ కొండదారుల్లో బండికి గంటలు పట్టే పని అది. ఇక్కడ గమనించవలసింది డ్రోన్‌ను కాదు, డబ్బిచ్చేవాడిని. కొనుగోలుదారు ప్రభుత్వమే, ఒప్పందం ముందే ఉంది. రువాండాలో చేసి చూపించి 2019లో ఘనాకు వెళ్లారు. చిన్న దేశం వాళ్లకు నారుమడి, పంట పొలం వేరే చోట.

పెట్టుబడి కోసం తొందరపడితే ఏమవుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది. 2013లో కొరియా టెలికాంతో కలిసి 4జీ నెట్‌వర్క్ వేసే హక్కును ఒకే ఉమ్మడి కంపెనీకి కట్టబెట్టారు. టవర్లు దేశమంతా లేచాయి. మిగతా ఫోను కంపెనీలు మాత్రం ఆ ఒక్క దుకాణంలోనే సరుకు కొనుక్కోవలసి వచ్చింది. చివరికి 2023లో ఇతరులకూ దారి తెరిచారు.

అబ్బాయిని కోప్పడకండి. డబ్బు చెల్లిస్తామని కాగితం రాసిచ్చే కొనుగోలుదారులు ముగ్గురిని తెమ్మనండి, ఒకరు కిగాలీ బయటివారైతే మరీ మంచిది. తెస్తే ముందు ఐదు లక్షలు ఇవ్వండి. తేకపోతే విమానం టికెట్టు మాత్రం కొనిపెట్టండి, చూసి వస్తాడు.

ప్రశ్న: బయటి కంపెనీలను రప్పించడంలో రువాండా చేసిన పని మన కడప, అనంతపురాల్లో ఎందుకు జరగదు?
- డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: కార్ల విషయంలో జరిగిందమ్మా. పెనుకొండ దగ్గర కియా 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. భూమి, గొల్లపల్లి జలాశయం నీళ్లు, బెంగళూరు రహదారి చేతికందేలా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కు నీళ్లకంటే మనుషులు కావాలి. రువాండా 2008లో బడి చదువును ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు మార్చింది, 2011లో అమెరికాకు చెందిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాన్ని కిగాలీకి రప్పించింది. ఇక్కడ కాలేజీలకు కొదవ లేదు. కాకపోతే కిగాలీ కుర్రాడికి ఒక్క రాత్రి ప్రయాణంలో చేరుకునే బెంగళూరు లేదు. ఆదివారం రాత్రి కడప బస్టాండులో బెంగళూరు బస్సు దగ్గర కాసేపు నిలబడి చూడు, మీ సీనియర్లు ఎంతమంది ఎక్కుతారో.