మందిరంలో అమ్మ, ఇంట్లో అమ్మ

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారికి ఎలక్ట్రికల్ షాపు ఉంది. పద్నాలుగు నెలల కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. అన్నీ మంచంలోనే. ఆవిడ పనులన్నీ నేనే చేస్తాను. మా మరిది హైదరాబాద్‌లో, ఆడపడుచు విజయవాడలో ఉంటారు. పండగలకు వచ్చి చూసి వెళ్తారు. నేను రక్షణ పొంది పదహారేళ్లయింది. మంగళవారం స్త్రీల కూడికలో వాక్యం చెబుతాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు, నెలకోసారి ఆల్‌నైట్ ప్రేయర్‌కు తప్పకుండా వెళ్తాను. పోయిన నెల ఒక మంగళవారం ప్రేమ గురించి మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం చెప్పి ఇంటికొచ్చాను. అత్తయ్య పక్కంతా తడిపేసుకుని ఉంది. బట్టలు మార్చబోతుంటే ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని వదల్లేదు. నోటికొచ్చినట్టు అరిచి, ఆ చేతి మీద కొట్టి విదిలించాను. పదో తరగతి చదివే మా పాప గుమ్మంలో నిలబడి చూసింది. ఆ ఆదివారం నుంచి చర్చికి రానంటోంది. "చర్చిలో అమ్మ వేరు, ఇంట్లో అమ్మ వేరు. నేను ఉండేది ఇంట్లో అమ్మతో" అంది. మావారు పాప మీద చెయ్యెత్తితే నేను అడ్డుపడ్డాను. ఇరవై ఒక్క రోజులు ఉపవాసముండి పాప కోసం ప్రార్థించాలనుకుంటున్నాను. నా విశ్వాసం ఇన్నాళ్లూ నటనేనా? పాపను మళ్లీ దేవుని దగ్గరికి ఎలా తీసుకురావాలి?

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. మీ ఉత్తరం చదివాక ఆ పూట నాకు వేరే పని మీద మనసు నిలవలేదు. నేను చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. తర్వాత మా అమ్మ మంచాన పడితే రెండేళ్లు చూసుకున్నాను. వార్డులో ముక్కూమొహం తెలియని వాళ్లకు ఎంతో ఓపికగా చేసిన నేనే, ఇంట్లో అమ్మ అన్నం ఉమ్మేస్తే పళ్లెం విసిరికొట్టిన రోజుంది. కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకుందని అనుకోను. అలాగని జరిగినదాన్ని మెత్తని మాటలతో కప్పిపుచ్చడం కూడా ఇష్టం లేదు. మంచంలో ఉన్న మనిషిని, నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేని మనిషిని మీరు కొట్టారు. అది తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే సరిదిద్దుకోవాలి. ఉపవాస కూడికలో ఏడిస్తే అది తీరదు.

ముందు ఉపవాసం సంగతి చెబుతాను. ఇప్పుడు వద్దు. మీరు రోజుకు ఎన్ని గంటలు పడుకుంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. స్కూలు, వంట, పాప చదువు, రాత్రి లేచి అత్తగారి పక్క మార్చడం, ఇవి కాక కూడికలు. ఇదంతా పద్నాలుగు నెలలుగా నడుస్తోంది. బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఎన్నిసార్లు బోధించి ఉంటారో. బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు వెంటనే ఆయనతో మాట్లాడలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే. ఒంట్లో శక్తి లేనప్పుడు మాట అదుపు తప్పుతుంది, చెయ్యి అదుపు తప్పుతుంది. ఇరవై ఒక్క రోజులు పస్తులుంటే ఏ కోపం గురించి మీరు ఏడుస్తున్నారో ఆ కోపమే ఇంకా పెరుగుతుంది. అది మళ్లీ మీ అత్తగారి మీదే పడుతుంది.

మరి ఏం చేయాలి? ఈ రాత్రి పాప నిద్రపోకముందే అత్తగారి మంచం దగ్గరికి వెళ్లండి. ఆవిడ మొహానికి మొహం ఎదురుగా కూర్చోండి. మీరు కొట్టిన ఆ ఎడమ చేతినే పట్టుకుని, "అత్తయ్యా, ఆ రోజు మిమ్మల్ని కొట్టాను. నాదే తప్పు. క్షమించండి" అనండి. ఆవిడకు అర్థమవుతుందా అని సందేహించకండి. కుడి పక్క పడిపోయి మాట పోయినవాళ్లలో చాలామందికి మాట రాదే తప్ప, ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు తెలుస్తూనే ఉంటుంది. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఉంది కదా, అది ఇలాంటి సమయానికే. ఆవిడ ఏడవచ్చు. పక్షవాతం తర్వాత చిన్న విషయానికే ఏడుపు ఆగకుండా రావడం ఉంటుంది, కంగారుపడకండి. పాప చూడాలని ఇదంతా చేయొద్దు, చూస్తుందేమోనని తలుపూ వేయొద్దు.

ఆవిడ మీ కొంగు ఎందుకు పట్టుకుంది అని ఎప్పుడైనా ఆలోచించారా? నా అనుభవంలో ఇలాంటివాళ్లు పట్టుకుని వదలకపోవడానికి కారణం ఎక్కువగా భయమే. పక్కకు తిప్పుతుంటే పడిపోతానేమోనని భయం. తడిపేసుకున్నానన్న సిగ్గు కూడా ఉంటుంది. తిప్పేముందు ఏం చేయబోతున్నారో ఒక్క మాట చెప్పండి: "అత్తయ్యా, ఇటు తిప్పుతున్నాను." పడిపోయిన కుడి చేతిని మాత్రం ఎప్పుడూ పట్టి లాగొద్దు, భుజం కీలు జారుతుంది. ప్రశ్నలు అవును, కాదు అని తల ఊపేలా అడగండి. రెండు మూడు గంటలకోసారి మీరే బెడ్ పాన్ పెట్టి అలవాటు చేస్తే పక్క తడపడం చాలా తగ్గుతుంది. ఉన్నట్టుండి ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో డాక్టరుకు చూపించాలి.

ఇంకో సంగతి. మాట పోయినవాళ్లు కొందరు పాట పాడగలరు. మాటకూ పాటకూ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావు. మీ అత్తగారు చిన్నప్పటి నుంచి గుడిలో పాడుకున్న పాత కీర్తనలు ఉంటాయి కదా, ఒకటి మెల్లగా ఎత్తుకోండి. మా వార్డులో "నీళ్లు" అని కూడా అనలేని ఒక పెద్దావిడ, కూతురు చరణం ఎత్తుకుంటే రెండో పాదం మాటలతో సహా అందుకునేది. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పలేను. రాకపోయినా నష్టం లేదు, విన్నా చాలు.

ఇప్పుడు పాప. "ఎలా తీసుకురావాలి" అని అడిగారు. పాప దేవుణ్ని వద్దనలేదమ్మా. మందిరంలో చూసే ప్రేమ ఇంట్లో నాయనమ్మ దాకా రావడం లేదేమని అడిగింది. ఆ వయసు పిల్లకు నాయనమ్మ మీద అంత జాలి ఉండటం చూస్తే నాకు సంతోషంగా ఉంది. ఆ జాలి ఎక్కడి నుంచి వచ్చింది? మీరు చెప్పిన వాక్యం నుంచి కూడా కొంత వచ్చి ఉంటుంది. ఆమెతో మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞ ఎత్తొద్దు. అలసిపోయాననో, నీ కోసమే కష్టపడుతున్నాననో కూడా అనొద్దు. "నువ్వు చూసింది నిజమే. నేను అలా చేయకూడదు. నాయనమ్మను క్షమించమని అడిగాను. నిన్నూ అడుగుతున్నాను" అంటే సరిపోతుంది. వెంటనే "మరి ఆదివారం వస్తావా?" అని మాత్రం అడగకండి. అడిగితే ఆ క్షమాపణ చర్చికి రప్పించడానికే అనుకుంటుంది.

కొన్ని వారాలు ఆమెను ఆదివారాలకు బలవంతపెట్టొద్దు. ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటే దాన్ని అత్తగారి మంచం దగ్గరికి మార్చండి, పది నిమిషాలకు మించకుండా. పాప కూర్చుంటే కూర్చుంటుంది, లేకపోతే పక్క గదిలో చదువుకుంటుంది. పదో తరగతి పరీక్షల టెన్షన్ కూడా ఆ పిల్లకు ఉంటుంది, అది మరిచిపోకండి.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని గట్టిగా బతిమాలుతున్నాను. మంగళవారం కూడికలో "మా పాప వెనక్కి జారిపోయింది, ప్రార్థన చేయండి" అని విజ్ఞాపన పెట్టకండి. నలుగురి ప్రార్థన మంచిదే. కానీ ఆ మాట ఆదివారానికల్లా సంఘమంతా తిరుగుతుంది. ఒక సిస్టర్ పాపను ఆపి "ఏమ్మా, చర్చికి రావట్లేదంట" అంటుంది. అమ్మ నా సంగతి అందరికీ చెప్పిందని తెలిసిన పిల్ల ఇంట్లో నోరు విప్పదు. నేను చూసిన ఇళ్లలో ఇలా దూరమైన పిల్లలు కొందరున్నారు. పాప కోసం ప్రార్థన మీ గదిలో చేసుకోండి. తప్పకుండా విజ్ఞాపన పెట్టాలనుకుంటే మీ కోపం గురించి పెట్టండి.

మీవారి గురించి ఉత్తరంలో మీరు రాసింది చాలా తక్కువ. షాపు ఉందని, చెయ్యెత్తారని. మంచంలో ఉన్నది ఆయన కన్నతల్లి. ఆడవాళ్లకు చేసే పనులు మగవాళ్లు ఎలా చేస్తారని మన ఇళ్లలో అంటారు. సిలువ మీద ప్రాణం పోతున్న సమయంలో ప్రభువు తన తల్లిని ఎవరికి అప్పగించాడు? ఒక మగ శిష్యుడికి. ఆ శిష్యుడు యోహాను ఆమెను తన ఇంటికి తీసుకెళ్లాడు. అంతకుముందు రాత్రి పళ్లెంలో నీళ్లు పోసి, తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగింది కూడా ప్రభువే. మీవారు బట్టలు మార్చలేనంటే, రాత్రి పన్నెండు నుంచి పొద్దున దాకా తిప్పి పడుకోబెట్టడం, నీళ్లు తాగించడం చేయగలరు. వారంలో మూడు రాత్రులు ఆయనవి, ఆ మూడు రాత్రులూ మీరు వేరే గదిలో తలుపేసుకుని నిద్రపోవాలి. ఇది సాయం అడగడం అనుకోకండి, కొడుకు బాధ్యతను కొడుక్కు అప్పజెప్పడం. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా ఆ బాధ్యత కొడుకులు, కూతుళ్ల మీద పెట్టింది. కాబట్టి మీ మరిదితో, ఆడపడుచుతో మాట్లాడాల్సింది ఆయన. ఆడపడుచు నెలకు నాలుగు రోజులు వచ్చి ఉండాలి. వీలుకాకపోతే మరిది, ఆడపడుచు కలిసి పగటిపూట ఒక ఆయాకు జీతం ఇవ్వాలి. పాప మీద చెయ్యెత్తినందుకు కూడా ఆయనే స్వయంగా పాపతో మాట్లాడాలి.

కూడికల విషయం. "పరిచర్య" అన్న మాట మనం ఎలా వాడుతున్నామో చూడండి. ఫలానా సిస్టర్ పరిచర్య అంటే మన చెవికి మైకు, వాక్యం గుర్తొస్తాయి. తెలుగులో ఆ మాటకు అర్థం దగ్గరుండి ఉపచారం చేయడం. గుంటూరు వాళ్లకు కుగ్లర్ ఆసుపత్రి తెలియనిది కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు మిషనరీగా వచ్చింది. 1930లో కన్నుమూసేదాకా ఆమె పరిచర్య ఎక్కువగా జబ్బుపడిన ఆడవాళ్ల మంచాల పక్కనే సాగింది. మీరు మంగళవారం పరిచర్య చేసి ఇంటికొచ్చి "పని" మొదలుపెడుతున్నాననుకుంటున్నారు. అందుకే ఇంటికొచ్చేసరికి మీ దగ్గర ఓపిక మిగలడం లేదేమో.

ఆరు నెలలు వాక్యం చెప్పే బాధ్యత వేరొకరికి ఇవ్వమని పాస్టరమ్మ గారిని అడగండి. ఆల్‌నైట్ ప్రేయర్ మానేయండి, ఆ రాత్రి మీకు నిద్ర కావాలి. ఆదివారం ఆరాధన, ప్రభువు బల్ల మాత్రం వదులుకోవద్దు. శుక్రవారం సంగతి ఓపికను బట్టి మీ ఇష్టం. వాక్యం చెప్పకపోతే జనం ఏమనుకుంటారో అని భయం వేస్తుంది, నాకు తెలుసు. ఆ భయాన్ని కూడా దేవునికే చెప్పుకోండి.

అలాగే సంఘాన్ని ఒకటి అడగండి. పరామర్శకు వచ్చి, ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల ప్రేమ నిజమే, ఏం చేయాలో తెలియదంతే. "గురువారం నాలుగు నుంచి ఆరు దాకా అత్తయ్య దగ్గర కూర్చుంటారా? నేను పడుకుంటాను" అని సమయం చెప్పి అడిగితే ఇద్దరైనా వస్తారు.

డబ్బు విషయం ఒక్క మాట. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం కావాలి, కుటుంబ అర్హతలు కూడా చూస్తారు. మీ సచివాలయంలో అడగండి. వస్తే ఆయా జీతంలో చాలా భాగం దానితోనే వెళ్లిపోతుంది.

చెయ్యి లేచేంత కోపం మళ్లీ వస్తే, అత్తయ్య పడిపోకుండా దిండ్లు పెట్టి గది బయటికి వచ్చేయండి. పక్క తడిగా ఉన్నా పది నిమిషాలు ఆగొచ్చు, ఏమీ కాదు. మొహం కడుక్కుని, నీళ్లు తాగి, మీవారికి ఫోన్ చేసి రమ్మనండి. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతుకు మీద విసుగు ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఉచితం. తెలుగులో మాట్లాడతారు. అక్కడికి ఫోన్ చేస్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. ఏలీయా కూడా రొట్టె తిన్నాడు.

నెల తర్వాత నాకు మళ్లీ రాయండి. పాప చర్చికి వచ్చిందా లేదా అన్నది అప్పుడు అడగను. మీవారు ఎన్ని రాత్రులు మేలుకున్నారో, మీరు ఎన్ని రాత్రులు పడుకున్నారో రాయండి. అత్తయ్యకు ఏ కీర్తన ఇష్టమో తెలిస్తే అది కూడా రాయండి.