రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ ఎత్తని కొడుకు

ప్రశ్న: మాది హనుమకొండ. మావారు ప్రభుత్వ టీచరు, వచ్చే ఏడాది రిటైరవుతారు. ఇల్లు తాకట్టు పెట్టి 14 లక్షలు అప్పు తెచ్చి అబ్బాయిని స్పెయిన్‌లోని వాలెన్సియాకి ఎమ్మెస్ చదవడానికి పంపాం. వాడికి 24 ఏళ్లు. కోర్సు రెండేళ్లు, ఇది రెండో ఏడు. మొదట్లో రోజూ మాట్లాడేవాడు. ఇప్పుడు మా భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకి వీడియో కాల్ చేస్తే ఎత్తడు. ఎత్తినా 'బాగానే ఉన్నానమ్మా' అని పెట్టేస్తాడు. ఆమధ్య వాడి వాట్సాప్ స్టేటస్‌లో అర్ధరాత్రి వీధిలో టేబుళ్ల చుట్టూ కూర్చున్న ఫోటో, ముందు వైన్ గ్లాసులు. ఇంకో వీడియోలో ఒకమ్మాయి బుగ్గ మీద ముద్దు పెట్టింది. వాడుండే ఫ్లాట్‌లో ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారట. మావారు 'చదువు పేరు చెప్పి తిరుగుతున్నాడు, వచ్చే నెల నుంచి డబ్బు పంపేది లేదు' అంటున్నారు. మా బావగారి కొడుకు డల్లాస్‌లో ఉద్యోగంలో చేరాడు, రోజూ ఆ పోలికే. ఒక సబ్జెక్టు పోయిందనీ, చదువయ్యాక ఇంకొన్నాళ్లు అక్కడే ఉండి స్పానిష్ నేర్చుకుంటాననీ వాళ్లక్కతో అన్నాడట. మాకు చెప్పలేదు. నాకు రాత్రుళ్లు నిద్ర ఉండట్లేదు. వెళ్లి చూసి రానా? వెనక్కి వచ్చేయమననా?

జవాబు: అమ్మా, ముందు గడియారం సంగతి చూద్దాం. మీకు రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి వాలెన్సియాలో చలికాలమైతే సాయంత్రం ఐదు, ఎండాకాలమైతే ఆరు. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి తెస్తారు. స్పెయిన్‌లో మాస్టర్స్ క్లాసులు చాలాచోట్ల మధ్యాహ్నం మొదలై రాత్రి ఏడెనిమిది దాకా నడుస్తాయి. అంటే మీ కాల్ వెళ్లే వేళకి మీవాడు క్లాసులో ఉండి ఉండొచ్చు. వాడు వంట చేసుకుని, తిని తీరిగ్గా కూర్చునేసరికి అక్కడ పది దాటుతుంది. మీకు చలికాలంలో తెల్లవారుజాము రెండున్నర, ఎండాకాలంలో ఒకటిన్నర. అప్పుడు ఫోన్ చేసి అమ్మానాన్నల్ని లేపే కొడుకు ఎవరుంటారు?

అర్ధరాత్రి ఫోటో కూడా ఆ ఊరి వేళల్లో పెట్టి చూడండి. స్పెయిన్ ఉన్న చోటును బట్టి చూస్తే దానికి లండన్ టైమే సరిపోతుంది. కానీ 1940 నుంచి జర్మనీ టైము పాటిస్తోంది. అందుకని జూన్‌లో వాలెన్సియాలో పొద్దుగూకేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మధ్యాహ్న భోజనం రెండింటికి, మూడింటికి. రాత్రి భోజనం తొమ్మిది, పది. శనివారం రాత్రి పన్నెండింటికి అక్కడి వీధి టేబుళ్ల దగ్గర తాతలు, మనవలు, ఉయ్యాల బండిలో నిద్రపోతున్న పసిపిల్లలు కూడా కనిపిస్తారు. హనుమకొండలో అర్ధరాత్రి రోడ్డు మీద కూర్చున్న కుర్రాణ్ని చూసి మీకు కలిగే అనుమానం అక్కడ ఎవరికీ కలగదు.

ముద్దు సంగతి ఇంకా తేలిక. అక్కడ ఆడవాళ్లు ఎవర్ని పలకరించినా, పరిచయం చేసుకున్నా రెండు బుగ్గలకీ బుగ్గలు ఆనిస్తారు. మనం నమస్కారం పెట్టినట్టు. మొదటిసారి కలిసిన వాళ్లకీ అంతే, స్నేహితుడి వాళ్లమ్మకీ అంతే. మీవాడు ఆ వీడియోని దాచకుండా స్టేటస్‌లో పెట్టాడంటేనే వాడికి అందులో దాచాల్సింది ఏమీ కనిపించలేదని నా ఉద్దేశం.

వైన్ గురించి మాత్రం మీకు సర్దిచెప్పను. అక్కడ 18 నిండితే చట్టం ఒప్పుకుంటుంది, భోజనం బల్ల మీద గ్లాసు ఉండటం మామూలే. మీ ఇంట్లో అది మామూలు కాదు. ఆ గ్లాసు వాడిదో పక్కవాడిదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక్కసారి నేరుగా అడగండి, చెప్పింది వినండి, మళ్లీ మళ్లీ ఎత్తకండి. ప్రతి కాల్‌లోనూ అడిగితే వాడు అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు.

ఆడపిల్లలతో ఒకే ఇంట్లోనా అని మీవారి బాధ. అక్కడ విద్యార్థులు ఎక్కువగా గదుల లెక్కన అద్దెకుంటారు. ఎవరి గది వాళ్లది. వంటిల్లు, బాత్‌రూమ్ అందరివీ, శుభ్రం చేయడానికి వంతులుంటాయి. కుర్రాళ్లు మాత్రమే ఉండే ఇల్లు వెతికితే దొరకదని కాదు, కానీ చదువు మధ్యలో ఇల్లు మారమనడం ఇప్పుడు అనవసరమైన తలనొప్పి.

మీరు అడగని విషయం ఒకటుంది. విదేశం అంటే పిల్లలు పదహారో ఏటే ఇల్లు వదిలేస్తారని మనలో చాలామంది అనుకుంటారు. స్పెయిన్ అలా కాదు. అక్కడి పిల్లలు సగటున 30 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల దగ్గరే ఉంటారు. పై చదువుకి వేరే ఊరు వచ్చినవాళ్లు కూడా దగ్గరి ఊళ్లవాళ్లయితే శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకుని ఇంటికి వెళ్తారు. ఆదివారం మధ్యాహ్నం అమ్మమ్మ ఇంట్లో భోజనం. వాలెన్సియా వాళ్లకైతే ఆరోజు పాయెయ్యా అనే అన్నం వంటకం, అదీ వాళ్ల ఊరి పక్కన అల్బుఫేరా పొలాల్లో పండిన బియ్యంతో. మీవాడి ఫ్లాట్‌లో వాళ్లు స్థానికులైతే శని, ఆదివారాలు ఆ ఇంట్లో వాడొక్కడే ఉంటాడు. సలహా కోసం నాకు రాసే విదేశీ విద్యార్థులు ఎక్కువగా ఏడ్చేది ఆ రెండు రోజుల గురించే. కాబట్టి నలుగురితో కూర్చున్న ఫోటో చూసి నాకైతే ప్రాణం కుదుటపడింది. ఒక్కడే గదిలో లైటార్పుకుని కూర్చుంటున్నాడని రాసి ఉంటే కంగారు పడేదాన్ని.

నన్ను ఆలోచింపజేసింది మీరు చివర్లో రాసిన వాక్యం. సబ్జెక్టు పోయిన సంగతి అక్కకి చెప్పాడు, నాన్నకి చెప్పలేదు. రోజూ డల్లాస్ అన్న పేరు వినిపించే ఇంట్లో ఫెయిలయ్యానని ఎలా చెప్తాడు? ఆ అన్నయ్య చదువంతా ఇంగ్లీషులో సాగింది, ఉద్యోగం కూడా ఆ భాషలోనే. మీవాడి క్లాసు ఇంగ్లీషులో ఉన్నా, క్లాసయ్యాక ప్రాజెక్టు పంచుకునే తోటివాళ్లు స్పానిష్‌లో మాట్లాడుకుంటారు. అపార్ట్‌మెంట్ యజమాని, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ స్పానిష్. వీధుల పేర్లు చాలావరకు ఆ ప్రాంతపు రెండో భాష వాలెన్సియన్‌లో ఉంటాయి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి కొలవడం న్యాయం కాదు.

మార్కుల సంగతి మీవారికి చెప్పండి, ఆయన టీచరు కాబట్టి ఇట్టే అర్థమవుతుంది. అక్కడ 10కి 5 వస్తే పాసు. 7 దాటితే బాగా చదివినట్టు, 9 పైన వచ్చేది కొద్దిమందికే. మన లెక్కలో చూసి 6.5ని తక్కువ అనుకోకూడదు. సాధారణంగా ఒక సబ్జెక్టుకి అదే విద్యా సంవత్సరంలో రెండో పరీక్ష ఉంటుంది. అదీ పోతే మళ్లీ నమోదు చేసుకోవాలి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో రెండోసారి నమోదుకి ఫీజు మొదటిసారి కంటే ఎక్కువ. అందుకే ఆ రెండో పరీక్ష ఎప్పుడో తెలుసుకోవడం ముఖ్యం. 'ఎందుకు ఫెయిలయ్యావు' అన్న ప్రశ్న దాని తర్వాత అడిగినా నష్టం లేదు.

ఇక డబ్బు ఆపేయడం. దయచేసి ఆపొద్దు. కోపంతో చేసే ఈ పని మీ 14 లక్షలకే ఎసరు పెడుతుంది. అక్కడ విద్యార్థి నివాస కార్డు రెన్యూ చేయాలంటే చదువు ముందుకు సాగుతోందని చూపించాలి, బతకడానికి డబ్బుందని కూడా చూపించాలి. ఆ డబ్బుకు ప్రభుత్వం పెట్టుకున్న కొలమానం ఇటీవలి సంవత్సరాల్లో నెలకు 600 యూరోలు. సరిగ్గా రెన్యూవల్ ముందు మీవారు పంపడం మానేస్తే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అదే కనిపిస్తుంది. కార్డు పోతే చదువు పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. గడువుకి రెండు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: కార్డు గడువు ఎప్పటిదాకా ఉంది?

డబ్బు తగ్గించుకోవాలని నిజంగా ఉంటే వేరే దారి ఉంది. చదువుకి అడ్డు రాకుండా వారానికి 30 గంటల దాకా పని చేయడానికి అక్కడ విద్యార్థులకు అవకాశం ఉంది. కానీ హోటల్లో కప్పులు అందించాలన్నా స్పానిష్ రావాలి. ఇక్కడికొచ్చేసరికి మీవాడు అక్కతో అన్న మాట నాకు సబబుగానే తోస్తోంది. భాష రాకుండా వాలెన్సియాలో ఉద్యోగం వెతకడం కష్టం. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి కొంతకాలం ఉండేందుకు విడిగా అనుమతి కూడా ఇస్తారు.

అయితే 'ఇంకొన్నాళ్లు' అన్న మాటకి నేను ఒప్పుకోను. చదువయ్యేదాకా ఆగడం ఎందుకు, ఇప్పుడే మొదలుపెట్టమనండి. ప్రభుత్వ భాషా పాఠశాలలున్నాయి, ఎస్క్వేలా ఒఫిసియాల్ దె ఇదియోమాస్ అంటారు. ప్రైవేటు కోచింగ్ కంటే బాగా చవక. సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే దేలే అనే స్పానిష్ భాషా పరీక్షలో బీ1, అంటే మధ్యస్థ స్థాయి ఏ తారీఖుకి రాస్తాడో చెప్పమనండి. ఆ తారీఖు దాకా ఖర్చు మీది, ఆ తర్వాత ఖర్చులో సగమైనా వాడు సంపాదించుకోవాలి. ఇంత స్పష్టంగా మాట్లాడితే మీవారూ మెత్తబడతారు. అప్పు తీర్చాల్సిన మనిషి రిటైరవబోతున్నాడు, ఆయన టెన్షన్ కూడా వాడికి తెలియాలి. లెక్క కాగితం మీద రాసి పంపండి. తిట్టు కలపకుండా.

మీరు వెళ్లి చూడాలా అంటే, ఇప్పుడు వద్దు. వీసాకి, టికెట్‌కి పెట్టే డబ్బు వాడి రెండు మూడు నెలల ఖర్చు. పైగా చెప్పకుండా వెళ్తే తనిఖీకి వచ్చినట్టే ఉంటుంది. థీసిస్ సమర్పించే రోజుకి వాడే రమ్మంటే అప్పుడు ఆలోచించండి. వెనక్కి పిలిపించుకునే పరిస్థితి నాకు మీ ఉత్తరంలో కనిపించలేదు.

ఏం జరిగితే కంగారు పడాలో కూడా చెప్తాను. రోజుల తరబడి మెసేజ్‌కి కూడా బదులు లేకపోవడం, అద్దె కట్టానని చెప్పి కట్టకపోవడం, పగలంతా పడుకోవడం, అక్కతోనైనా 'నావల్ల కాదు, ఇక ఎందుకు' అనడం. ఇలాంటివి వింటే ఒక్క రోజు కూడా ఆగకండి. స్పెయిన్‌లో అత్యవసరానికి 112, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలొస్తే మాట్లాడటానికి 024. ఈ రెండు నంబర్లూ వాడి ఫోన్‌లో ఉన్నాయో లేదో అక్కని అడగమనండి. అక్కయ్య మీద మీరు కోపగించుకోకండి, 'మాకెందుకు చెప్పలేదు' అని నిలదీయకండి. ఇప్పుడు వాడికి మీ ఇంటివైపు తెరిచి ఉన్న తలుపు ఆమె ఒక్కర్తే.

మీ నిద్ర గురించి. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.

రాత్రి కాల్ ఆపేయండి. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి పెట్టుకోండి. వాలెన్సియాలో అప్పుడు చలికాలమైతే ఉదయం పది, ఎండాకాలమైతే పదకొండు. వాడొక్కడే ఇంట్లో ఉండే పూట, తొందరేమీ ఉండదు. మొదటి ఆదివారం మీవారిని మాట్లాడమనండి. డల్లాస్ ఎత్తకుండా, పోయిన సబ్జెక్టు సంగతి తనకి తెలుసని చెప్పి, రెండో పరీక్ష ఎప్పుడో అడగమనండి. తర్వాత ఫోన్ మీరు తీసుకుని ఆ పూట ఏం వండుకుంటున్నాడో అడగండి.